రంగూన్‌లో ఒక ఇంగ్లీషు మేడ - దాని ఎస్టేటులో మనవాళ్ళు

(రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఈ వారం మీకొక ఇంటి కథ చెబుతాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఉన్న రోజుల్లో రంగూన్‌లో అంతకంటే పెద్ద ఇల్లు మరొకటి ఉండేది కాదంటే నమ్మొచ్చు. అసలు నాకు దానిమీద ఆసక్తి ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. దానికి కారణం రంగూన్ కాదు, బ్రిటన్‌లో చూసిన మరో ఇల్లు.

ఇంగ్లండులో, అమెరికాలో ఉన్న మన కుటుంబాలు సెలవుల్లో పిల్లల్ని తీసుకుని పాత మేడలు చూడ్డానికి వెళుతూ ఉంటారు కదా. టిక్కెట్టు కొనడం, గదులన్నీ తిరగడం, తోటలో కూర్చుని తెచ్చుకున్న పులిహోర తినడం, చివర్లో దుకాణంలో ఒక పెన్సిలో జాము సీసానో కొనుక్కుని బయటపడడం. మేమూ అలాగే ఒకసారి వేల్స్‌లో రెక్సమ్ ఊరి దగ్గరున్న ఎర్‌డిగ్ అనే మేడకి వెళ్ళాం. అక్కడ నన్ను ఆపేసినవి పటాలు. మామూలుగా ఇలాంటి ఇళ్ళలో గోడలనిండా దొరలు, దొరసానుల పటాలుంటాయి. ఈ ఇంట్లో మాత్రం పనివాళ్ళ పటాలున్నాయి. వడ్రంగి, తోటమాలి, వంటామె, ఇల్లు ఊడ్చే ముసలామె - పద్ధెనిమిదో శతాబ్దం నుంచీ ఆ యజమానులు తమ పనివాళ్ళ బొమ్మలు గీయించి, తర్వాత ఫోటోలు తీయించి, వాటికింద వాళ్ళమీద సరదా పద్యాలు కూడా రాయించుకున్నారు. ఈనాటికీ ఎవరు ఏ పని చేశారో పేరుతో సహా తెలుస్తుంది.

మా అబ్బాయి అడిగాడు, "మన తాతముత్తాతలు కూడా ఇలాంటి ఇంట్లో పనిచేశారా?" అని. పిల్లలు అడిగే ప్రశ్నలు ఇలాగే ఉంటాయి. నాకు వెంటనే మా నాయనమ్మ గుర్తొచ్చింది. వాళ్ళది కళింగపట్నం దగ్గర పల్లె. "మా అయ్య రంగంలో రిక్సా లాగీవోడు" అని ఆవిడ చెబుతుండేది. రంగం అంటే రంగూన్. శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా పాతకాలం వాళ్ళంతా ఆ ఊరిని రంగం అనే అనేవారు. "రంగం పోయాడు" అంటే ఇక ఎప్పుడొస్తాడో చెప్పలేమని అర్థం.

సరే, ఇక రంగూన్ మేడ సంగతికి వద్దాం.

* * *

ఇంగ్లండులో పల్లెటూరి మేడ అంటే ఒట్టి భవనం కాదు. దాని చుట్టూ ఉన్న భూమి, కౌళ్ళు, అడవి, చెరువు, కౌలుదార్ల ఇళ్ళు, అన్నీ కలిపి ఎస్టేటు. మన జమీందారీ కోటల్లాంటిదే అనుకోండి. ఎస్టేటు మీద వచ్చే రాబడితో మేడ నడుస్తుంది. పద్ధెనిమిదో శతాబ్దం మధ్యనుంచి ఆ రాబడి ఇంగ్లండు పొలాల నుంచే రావడం తగ్గింది. రాబర్ట్ క్లైవు సంగతే చూడండి. అతని మనుషులు 1759లో మచిలీపట్నం పట్టుకున్నారు. 1765లో ఉత్తర సర్కారులకు మొగలు పాదుషా దగ్గర ఫర్మానా సంపాదించాడు. 1768లో ఇంగ్లండులో క్లేర్‌మాంట్ ఎస్టేటు కొని, పాత ఇల్లు పడగొట్టించి కొత్తది కట్టించాడు. వేల్స్‌లోని పవిస్ కోటలో ఇప్పటికీ క్లైవు కుటుంబం సంపాదించుకొచ్చిన వస్తువుల గది ఉంది. అందులో టిప్పు సుల్తాను గుడారం కూడా ఉంది. ఇలాంటి పాత ఇళ్ళని కాపాడే నేషనల్ ట్రస్టు సంస్థ 2020 సెప్టెంబరులో తన ఆస్తుల్లో 93 చోట్లకి వలసపాలనతోనో బానిస వ్యాపారంతోనో సంబంధముందని తేల్చి ఒక నివేదిక వేసింది. అక్కడ పెద్ద గొడవే జరిగింది. "హాయిగా తోట చూడ్డానికి వస్తే ఈ గోలేమిటి" అన్నవాళ్ళూ ఉన్నారు, "ఇప్పటికైనా చెప్పారు" అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ నేషనల్ ట్రస్టు పుట్టింది 1895లో. సరిగ్గా అదే ఏడు రంగూన్‌లో మన కథలోని మేడ పూర్తయింది. దాని పేరు గవర్నమెంట్ హౌస్.

రంగూన్ అప్పటికి ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చి నలభయ్యేళ్ళు దాటింది. 1755లో అలాంగ్‌పయా రాజు ఆ ఊరికి యాంగోన్ అని పేరు పెట్టాడు, అంటే శత్రువులు అంతమైన చోటు అని. దాన్నే ఇంగ్లీషువాళ్ళు రంగూన్ అన్నారు. 1852లో జరిగిన రెండో యుద్ధంలో ఊరితోబాటు దిగువ బర్మాలో అప్పటిదాకా తన చేతికి రాని భాగాన్ని కూడా ఈస్టిండియా కంపెనీ కలుపుకుంది. నది ఒడ్డున చదరంగం బల్లలా నిలువు, అడ్డ వీధులు గీసి కొత్త నగరం వేశారు. 1885లో మూడో యుద్ధం. మాండలేలో థీబా రాజుని పట్టుకుని మన రత్నగిరికి పంపించారు. 1886 జనవరి ఒకటో తారీకున మిగతా బర్మా కూడా కలిసిపోయింది. అలా కలిపింది కూడా దేనిలో అనుకున్నారు? ఇండియాలో. 1937 దాకా బర్మా అంతా ఇండియాలో ఒక రాష్ట్రం. మద్రాసు, బొంబాయిల్లాగే.

ఆ రాష్ట్రాన్ని ఏలే దొరకి తగిన ఇల్లు కావాలి. 1892లో పని మొదలుపెట్టారు. నగరంలో పెద్ద సెక్రటేరియట్ భవనం గీసిన హోయిన్-ఫాక్స్ అనే ఇంజనీరే దీన్నీ గీశాడు. ఊళ్ళో రద్దీకి దూరంగా, ష్వేడగాన్ పగోడాకి నైరుతిగా, ఇప్పటి అలోన్ రోడ్డు వైపు పెద్ద ఆవరణ. మూడంతస్తుల మేడ, మూలల్లో బురుజులు, ముందు బగ్గీలు ఆగే వాకిలి, దానిముందు పచ్చిక. క్వీన్ ఆన్ పద్ధతి అని పిలిచే ఇంగ్లీషు ఇళ్ళ తీరు అది. ఏడాదిలో ఐదారు నెలలు కుండపోతగా వాన కురిసే ఊళ్ళో, ఇంగ్లండు పల్లెలోని ప్రభువుల మేడని తెచ్చి నాటినట్టుండేది.

ఈ మేడలో మొదట చీఫ్ కమిషనర్లు, 1897 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్లు, 1923 నుంచి గవర్నర్లు ఉన్నారు. 1906లో ఒకరు, 1922లో మరొకరు వేల్స్ యువరాజులు రంగూన్ వచ్చారు. అప్పుడు ఊరంతా తోరణాలు కట్టారు. ఎండలు ముదరగానే సర్కారు మొత్తం మాండలే పైనున్న మేమ్యో కొండకి తరలిపోయేది. అక్కడ చలిమంట గూళ్ళతో ఇంకో వరుస ఇంగ్లీషు ఇళ్ళుండేవి. రంగూన్‌లో ఉన్న రోజుల్లో దొరల సాయంత్రాలకి పెగూ క్లబ్బు ఉండేది. 1882లో టేకుతో కట్టిన ఆ క్లబ్బు భవనం ఇంకా ఉంది. ఎంత గొప్ప ఉద్యోగంలో ఉన్నా ఆసియావాళ్ళకి అందులో సభ్యత్వం లేదు. సామాను మోసుకెళ్ళడానికి, గ్లాసులు అందించడానికి మాత్రం అభ్యంతరం ఉండేది కాదు.

* * *

మేడ ఉంది, మరి ఎస్టేటు ఏది? గవర్నరు ఆవరణలోని పచ్చిక, తోట మాత్రమే ఎస్టేటు అనుకుంటే మనం దొర లెక్కతోనే చూస్తున్నట్టు. ఆ మేడని నడిపిన అసలు ఎస్టేటు ఇరావతి డెల్టా.

1850ల్లో దిగువ బర్మాలో వరిసాగు పది లక్షల ఎకరాలు కూడా లేదు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. ఐరోపాకి బియ్యం ఓడలు పోవడం సులువైంది. అడవులు కొట్టి, బాడవ నేలలు బాగుచేసి, 1930ల నాటికి సాగు ఎనభై లక్షల ఎకరాలు దాటింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం బర్మా అయింది. దున్నింది ఎక్కువగా బర్మీ రైతులే. అప్పులిచ్చింది తమిళ చెట్టియార్లు. మరి ఆ ధాన్యాన్ని పడవల్లోంచి మిల్లుల్లోకి మోసిందెవరు? మిల్లుల్లో ఊక పొగలో నిలబడి పనిచేసిందెవరు? బస్తాలు ఓడల్లోకి ఎత్తిందెవరు? అక్కడ మనవాళ్ళు కనిపిస్తారు.

కాకినాడ పక్కన కోరంగి రేవు మీకు తెలుసు కదా. ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. 1839 నవంబరు తుపానులో దెబ్బతిని ఆ వైభవం పోయింది కానీ, దాని పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాళ్ళందర్నీ "కోరంగీలు" అన్నారు. శ్రీకాకుళం మనిషైనా, విశాఖ మనిషైనా, గంజాం మనిషైనా అక్కడ కోరంగీయే. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం - ఈ రేవులన్నిటిలోనూ బ్రిటిష్ ఇండియా కంపెనీ పొగ ఓడలు ఆగేవి. డెక్కు మీద ప్రయాణం. నెత్తిమీద ఆకాశం, కింద ఇనప రేకు.

ఓడ టిక్కెట్టు సొంత డబ్బుతో కొనగలిగినవాళ్ళు తక్కువ. మేస్త్రీ కొనేవాడు. కరువు వచ్చినప్పుడో, పెళ్ళి అప్పు మీదపడినప్పుడో మేస్త్రీ పల్లెకి వచ్చి కొంత బయానా చేతిలో పెట్టేవాడు. అక్కణ్ణుంచి మనిషి అతని లెక్కలోకి వెళ్ళిపోయేవాడు. రంగూన్‌లో పని ఇప్పించేదీ అతనే, కూలి ముందు అందుకునేదీ అతనే, అందులో తన వాటా, బయానా, దానిమీద వడ్డీ పట్టుకుని మిగిలింది ఇచ్చేదీ అతనే. పని ఇచ్చిన కంపెనీకి కూలివాడి పేరుతో పనిలేదు. ఇన్ని తలలు వచ్చాయా లేదా, అంతే. మనం ఇవాళ గౌరవంగా తాపీమేస్త్రి, బట్టల మేస్త్రి అంటున్నాం. రంగం వెళ్ళొచ్చిన కుటుంబాల్లో ముసలివాళ్ళు ఆ మాటని వేరే గొంతుతో అనేవారు.

1920ల చివరికి ఏటా మూడు లక్షలమందికి పైగా ఇండియానుంచి రంగూన్ రేవులో దిగేవారు. దాదాపు అంతమంది వెనక్కి వెళ్ళేవారు కూడా. రెండు మూడేళ్ళు పనిచేసి, కాస్త కూడబెట్టి, ఇంటికెళ్ళి మళ్ళీ రావడం. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం సుమారు నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా ఇండియావాళ్ళే. రేవు కూలీలు, రిక్షా లాగేవాళ్ళు ముఖ్యంగా తెలుగువాళ్ళు. ఊరికి మధ్యలో ఉన్న బసలలో ఒక్కొక్క గదిలో పదుల మంది. కొందరు పగటి పని, కొందరు రాత్రి పని. ఒకరు లేచిన చాపమీద ఇంకొకరు పడుకోవడం. చోటు దొరకని వాళ్ళు వీధిలోనే. మా నాయనమ్మ అనేది, "పొద్దల్లా లాగి రాత్రి ఈధిలో పడుకునీవోరట" అని. చాలాకాలం అది ఆవిడ కల్పించిన మాట అనుకున్నాను. ఆ కాలపు లేబరు నివేదికలు చదివాక ఆవిడ తగ్గించే చెప్పిందని తెలిసింది.

వాళ్ళతో ఆడవాళ్ళు చాలా తక్కువ. భార్య ఊళ్ళోనే. ఇంటి పెత్తనం, అప్పులవాడితో మాటలు, పిల్లలు, అత్తమామలు అన్నీ ఆవిడమీదే. మనియార్డరు వచ్చిన నెల ఒకలా, రాని నెల ఒకలా. రంగం డబ్బుతో కొందరు రెండెకరాలు కొన్నారు. ఇంకొంచెం కలిసొచ్చినవాళ్ళు ఇల్లు కట్టారు. మన కోస్తాలో పాత మండువా లోగిళ్ళు చూస్తే, స్తంభాలు తట్టి "ఇది బర్మా టేకు" అని గర్వంగా చెబుతారు. ఆ టేకు ఇరావతి మీద తెప్పలుగా తేలి, రంగూన్ రంపపు మిల్లుల్లో దూలాలై, అక్కణ్ణుంచి మన రేవులకొచ్చింది. మేడలో ఉండే దొర ఎస్టేటుకి, మన ఊరి లోగిలికి ఉన్న చుట్టరికం అది.

* * *

ఇక ఈ కథలో బర్మీవాళ్ళ వైపు కూడా చెప్పాలి. చెప్పకపోతే అన్యాయం అవుతుంది. వాళ్ళ ముఖ్యపట్టణంలో వాళ్ళే తక్కువైపోయారు. రేవులో, రైళ్ళలో, ఆసుపత్రుల్లో, తపాలాలో ఎక్కడ చూసినా ఇండియా మనుషులే. తక్కువ కూలికి వచ్చే మనవాళ్ళని చూపించి యజమానులు అందరి కూలీ తగ్గించి ఉంచేవారు. బర్మీవాడి కళ్ళకి కోరంగీ కూలివాడు కూడా ఆ మేడ మనిషిలాగే కనిపించాడు. ఆ మేడ గేటు దాటి లోపలికి వెళ్ళే అర్హత ఆ కూలివాడికీ లేదన్న సంగతి ఇద్దరికీ మధ్య ఎవరూ చెప్పలేదు.

1930 మే నెల. ఐదో తారీకున గాంధీగారిని అరెస్టు చేశారు. అదే రోజు రాత్రి పెగూలో భూకంపం వచ్చి రంగూన్ కూడా కదిలింది. అదే వారంలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మెకట్టారు. ఓడలు ఆగకూడదని గుత్తేదార్లు బర్మీవాళ్ళని పనిలో పెట్టుకున్నారు. మూడు వారాల తర్వాత రాజీ కుదిరింది. మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు. 26వ తారీకు పొద్దున బర్మీ కూలీలు ఎప్పటిలాగే రేవుకి వస్తే "ఇక మీతో పనిలేదు" అన్నారు. ఎగతాళి మాటలు, తోపులాట, ఆ తర్వాత కత్తులు, ఇనప కడ్డీలు. గొడవ వీధుల్లోకి పాకి రోజులపాటు సాగింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగు కూలీలే. వేలమంది బసలు వదిలేసి పారిపోయి, ఖాళీగా ఉన్న పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. దొరికిన ఓడ ఎక్కి ఇంటికొచ్చేసినవాళ్ళు ఎందరో. అప్పట్లో రంగూన్ జిల్లా మేజిస్ట్రేటుగా పనిచేసిన మారిస్ కోలిస్ తర్వాత తన పుస్తకంలో ఈ రోజుల గురించి వివరంగా రాశాడు.

ఓడ వ్యాపారులకి కూలివాడు తెలుగువాడైతేనేం, బర్మీవాడైతేనేం. ఇద్దరినీ అవసరానికి మార్చుకోవచ్చుననుకున్నారు. ఆ లెక్కకి ప్రాణాలిచ్చింది మాత్రం ఆ ఇద్దరే.

ఆ ఏడాదే ఆగస్టులో ఇంకో విచిత్రం జరిగింది. గవర్నరు సెలవు మీద వెళితే సర్ జోసెఫ్ మౌంగ్ జీ అనే బర్మీ పెద్దమనిషి తాత్కాలిక గవర్నరయ్యాడు. ఆ పదవిలో కూర్చున్న మొదటి బర్మీ అతను. ఆయన ఉండగానే డిసెంబరులో డెల్టా రైతులు సయా సాన్ నాయకత్వంలో తిరగబడ్డారు. ధాన్యం ధర పడిపోయి, పన్నులు కట్టలేక, భూములు అప్పులవాళ్ళకి పోతున్న కాలం. 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగోవంతు భూమి చెట్టియార్ల చేతిలో ఉంది. ఎస్టేటు పునాది అప్పటికే బీటలువారింది.

* * *

1937 ఏప్రిల్ ఒకటిన బర్మా ఇండియానుంచి విడిపోయింది. అప్పటిదాకా విశాఖనుంచి రంగూన్ వెళ్ళడం మద్రాసు వెళ్ళినట్టే. ఆ రోజునుంచి విదేశం. మనవాళ్ళు కదలకుండానే వలసదారులైపోయారు. 

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. విమాన దాడి ఎప్పుడూ చూడని జనం వీధుల్లో నిలబడి పైకి చూస్తున్నారు. ఆ ఒక్కరోజులో వెయ్యిమందికి పైగా పోయారు. రేవు కూలీలు ప్రోమ్ రోడ్డు పట్టుకుని నడక మొదలుపెట్టారు. కానీ వాళ్ళు లేకపోతే ఓడలు దించేదెవరు? అందుకని నచ్చజెప్పి వెనక్కి పిలిచి, ఊరి బయట శిబిరాల్లో ఉంచి పని చేయించారు. 

అప్పుడు గవర్నరు సర్ రెజినాల్డ్ డోర్మన్-స్మిత్. 1942 ఫిబ్రవరి చివరికి ఊరు దాదాపు ఖాళీ. మేడలో చివరి రాత్రి గురించి రాసినవాళ్ళు చెప్పేదేమంటే, సుమారు 110 మంది పనివాళ్ళున్న ఆ ఇంట్లో ఒక వంటవాడు, ఒక పెద్ద బట్లరు మాత్రం మిగిలారు. గవర్నరు, ఒకరిద్దరు అధికారులు కలిసి భోజనం చేశారు. తర్వాత బిలియర్డ్స్ ఆడారు. గోడలమీద పాత గవర్నర్ల నిలువెత్తు పటాలు వాళ్ళని చూస్తున్నాయి. జపానువాళ్ళకి ఇవెందుకు దక్కాలి అని ఎవరో అన్నారు. ఒకరు బిలియర్డ్ బంతి తీసి ఒక పటం మీదికి విసిరారు. తర్వాత అందరూ విసిరారు. పటాలన్నీ చిరిగిపోయాయి.

నేను ఎర్‌డిగ్ పటాల గురించి ఎందుకు చెప్పానో ఇప్పుడు మీకు అర్థమయుంటుంది. రంగూన్ మేడలో పటాలు యజమానులవే. వాటిని చించిందీ యజమానులే. పనివాళ్ళకి మాత్రం ఒక అంకె మిగిలింది - 110. ఆ వంటవాడి పేరేమిటి? ఆ రాత్రి అంతమందికి వండిపెట్టి, పొద్దున ఎటు వెళ్ళాడు? ఆ కథని చెప్పుకునే పుస్తకాల్లో బంతి విసిరినవాళ్ళ పేర్లున్నాయి.

మార్చి 8న జపాను సైన్యం రంగూన్‌లో ప్రవేశించింది. గవర్నరు మేమ్యో మీదుగా పైకి వెళ్ళి, మే మొదట్లో మిచినా నుంచి విమానంలో ఇండియా చేరాడు. సిమ్లాలో కూర్చుని ప్రవాస ప్రభుత్వం నడిపాడు. మనవాళ్ళు నడిచారు. ఒక దారి ప్రోమ్ నుంచి అరకాన్ కొండలు దాటి టౌంగుప్‌కి, అక్కణ్ణుంచి పడవమీద చిట్టగాంగ్ వైపు. ఇంకో దారి తాము మీదుగా మణిపూర్‌కి. ఆఖర్న బయల్దేరినవాళ్ళకి మిగిలింది ఉత్తరాన హుకాంగ్ లోయ, బురద, జలగలు, వాన. కలరా, మలేరియా, ఆకలి. మొత్తం నాలుగైదు లక్షలమంది ఇలా బయటపడ్డారు. పదుల వేలమంది దారిలోనే పోయారు. ఒక దారి తెల్లవాళ్ళకీ ఒక దారి నల్లవాళ్ళకీ విడదీశారన్న ఆరోపణ ఆ రోజుల్లో ఇండియా అంతా వినిపించింది.

* * *

యుద్ధం అయ్యాక దొరలు తిరిగొచ్చారు, మేడ మళ్ళీ తెరుచుకుంది. కానీ ఎక్కువ కాలం నిలవలేదు. 1947 జూలై 19న ఆంగ్ సాన్‌ని సెక్రటేరియట్‌లో కాల్చి చంపారు. 1948 జనవరి 4న, జ్యోతిష్కులు పెట్టిన ముహూర్తానికి, తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకి బర్మా స్వతంత్రమైంది. చివరి గవర్నరు సర్ హ్యూబర్ట్ రాన్స్ యుద్ధనౌకలో వెళ్ళిపోయాడు. మేడ పేరు ప్రెసిడెంటు హౌస్ అయింది. మొదటి ప్రెసిడెంటు సావో ష్వే థైక్. 1962లో సైన్యం అధికారం పట్టుకుంది. ఆయన్ని ఖైదు చేసింది. అదే ఏడు నవంబరులో ఆయన జైల్లోనే చనిపోయాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి మన కథలో రెండో ప్రయాణం. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు. మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశారు. తరతరాలుగా ఉన్నవాళ్ళు కూడా కట్టుబట్టలతో ఓడలెక్కారు. కొన్నేళ్ళలో మూడు లక్షలమంది దాకా వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం వైపు వెళితే బర్మా క్యాంపు అనే చోటుంది. మన కోస్తా ఊళ్ళలో బర్మా కాలనీ అని కనిపిస్తే అదీ ఆ ఓడల గుర్తే. రానివాళ్ళూ ఉన్నారు. యాంగోన్‌లోనూ మౌల్‌మీన్ వైపూ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. బర్మీ పేర్లు, బర్మీ చదువు, ఇంట్లో మాత్రం సంక్రాంతి.

మేడని 1985లో పడగొట్టేశారు. 2012లో యాంగోన్ హెరిటేజ్ ట్రస్టు పుట్టి, మిగిలిన పాత భవనాలకి నీలం పలకలు పెట్టడం మొదలుపెట్టేసరికి ఈ మేడ లేకుండాపోయి పాతికేళ్ళు దాటింది. పెగూ క్లబ్బుని బాగుచేసి 2018లో మళ్ళీ తెరిచారు. 2021 ఫిబ్రవరిలో మళ్ళీ సైనిక పాలన వచ్చి ఆ దేశం ఇంకో అగ్నిగుండంలో పడింది. అందుకని ఇప్పుడు మిమ్మల్ని వెళ్ళి చూసిరండి అనలేను.

కానీ ఇంకో పని చెప్పగలను. మీ ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, "మనవాళ్ళలో ఎవరైనా రంగం వెళ్ళారా?" అని ఒక్క మాట అడగండి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళైతే సగం ఇళ్ళలో "ఆఁ, వెళ్ళారు" అనే వస్తుంది. వెళ్ళిన మనిషి పేరు, ఏ రేవులో ఎక్కాడు, ఏ పని చేశాడు, తిరిగి ఎలా వచ్చాడు, రాలేదా - ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి పిల్లలకివ్వండి. మేస్త్రీ పుస్తకంలో వాళ్ళు తలలు, కంపెనీ పుస్తకంలో అణాలు, మేడ కథలో అంకె. పేరుతో పిలవగలిగేది ఇక మనమే.

మా నాయనమ్మ ఇంట్లో ఒక టేకు పెట్టె ఉండేది. వాళ్ళయ్య రంగం నుంచి తెచ్చిన ఒకే ఒక వస్తువు. అందులో ఆవిడ బియ్యం దాచేది. ఆయన పేరు నేను చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను, ఎప్పుడూ రాసుకోలేదు. మా అబ్బాయి ప్రశ్న అడిగాక ఊరికి ఫోన్ చేశాను. మా పెద్దత్త ఒక్కతే చెప్పగలిగింది. ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. పేరు అప్పన్న. ఎక్కింది కళింగపట్నంలో. తిరిగొచ్చింది నడిచి.